అమ్మకు పని లేదని రాసిన ఫారం

పొద్దున్నే కంటి క్యాంపుకెళ్లిన హన్మమ్మ పది గంటలకల్లా తిరిగొచ్చేసింది. ఎడమ కంట్లో పొర. చేనేత కార్డున్న వాళ్లకు ఆపరేషన్ ఉచితమంటే వెళ్లింది.

"కార్డుల జాబితాల నా పేరు లేదంట," అని రాట్నం ముందు కూర్చుంది. ముప్పై ఏళ్లుగా మగ్గానికి పట్టుపోగుతో కండెలు చుట్టేది ఆమే. చీరకు కూలి నేసినవాడి చేతికొస్తుంది. కండెకు విడిగా కూలి లేదు.

భర్త చెన్నయ్య మగ్గం గుంతలోంచి లేచాడు. "ఎట్లుండదే? ఎవడు రాసిండు ఆ సర్వే ఫారం? ఇప్పుడే పోయి అడుగుత!"

"యాడికీ పోకు నాయినా," అంది కూతురు సాయిశ్రీ. "నేనే రాసిన."

ఎంసీఏ అయ్యాక ఉద్యోగం దొరికేలోపు చేనేత కార్డుల సర్వేలో పనిచేసింది సాయిశ్రీ. ఫారాలు నింపి కంప్యూటర్లోకి ఎక్కించడంలో ఆమెదే వేగమని ఆఫీసులో మెచ్చుకున్నారు కూడా. ఆ వేగంలో సొంతింటి ఫారం కూడా నిండిపోయింది.

"అమ్మ ఏం పని జేస్తదని నిన్నడిగిన. 'ఏం పని, ఇంట్లనే ఉంటది' అన్నవ్. 'పని లేదు' అని కొట్టిన."

"నేనేదో మాటవరసకన్న. గంత సదివినవ్, నీకు తెల్వదా?"

"కండె లేకుంటే నీ మగ్గం ఆడుతదా? నీకు తెల్వదా?"

"జర ఆపుండ్రి!" హన్మమ్మ గొంతు పెరిగింది. "ఆ దినం నేను ఈడనే కూసున్న. ఇద్దరు నా మీదికెల్లే మాట్లాడుకున్నరు. నాగ్గూడ ఏమనిపియ్యలే బిడ్డా. మీకు చాయ్ పెట్టనీకి లేసిన."

సాయిశ్రీ చెప్పులేసుకుని ఆఫీసుకు పరుగెత్తింది. తప్పు దిద్దడానికి కంప్యూటర్లో అర నిమిషం చాలు. కానీ జాబితా మూసేశారు. మళ్లీ సర్వే ఎప్పుడో అక్కడెవరికీ తెలియదు. అప్పటిదాకా ఆ కన్ను ఆగుతుందా అని అడగడానికి ఫారంలో ఏ గడీ లేదు.

తిరిగొచ్చేసరికి మగ్గం చప్పుడు లేదు. చెన్నయ్య రాట్నం ముందున్నాడు. పట్టుపోగు నాలుగోసారి తెగింది.

"గింత సన్నది, గా కంటితోని ఎట్ల చుట్టినవే ఇన్నొద్దులు?"

ఈ పని గురించి హన్మమ్మను ఎవరైనా అడగడం ఇదే మొదటిసారి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

సాయిశ్రీ గడపలోనే కూలబడింది. "నిన్నడగాల్సుండెనమ్మా," అంది. "నిన్నే అడగాల్సుండె."