సలుపు

నూట పదకొండో అస్థిచ్ఛాయ, అంటే కళాసీ ఎముకలకి యంత్రం గీసిన నీడ, తెర మీదికి వచ్చేసరికి నీలవేణి టీ చల్లారిపోయింది. నిన్నటి బరువుకి ఎముకలో పడ్డ సన్నటి చీలికలు ఎన్ని, మానినవి ఎన్ని, కొత్తగా పేరుకున్న ఎముక ఎంత అన్నది యంత్రం లెక్కగట్టి పచ్చ చీటీ ఇచ్చింది. ఈ రేవులో మనిషి కంటే ముందు అతని నీడ మూట మోస్తుంది. నీడ విరగకపోతే మనిషిని ఓడ దగ్గరికి పంపుతారు. ఆరేళ్లుగా అలా పంపడమే ఆమె ఉద్యోగం. విసుగు కూడా పాతబడిపోయింది.

ఆ చీటీ కోసం వచ్చిన కళాసీ తవిటయ్య ఎడమ కాలు ఈడుస్తున్నాడు. చూడనట్టు ఉండటానికీ ఓపిక కావాలి కదా, ఆమెకు అదీ లేదు. స్కానరు తీసి ఆ కాలి మీద పెట్టింది. నీడలో మానిపోయిన చీలిక అసలు ఎముకలో సగం దాకా పాకి ఉంది. ఇవాళ మూట ఎత్తితే పుటుక్కుమంటుంది.

రోజూ నొప్పి లేదని ఎందుకు చెబుతున్నావని అడిగింది.

“నొప్పి నేదమ్మా, సలుపే. నొప్పంటే కాలు కింద ఎట్టనేకపోడం కదా. సలుపు మా అందరికీ ఉంటాది.” తవిటయ్య గొంతు తగ్గించాడు. “ఎర్ర చీటీ ఇయ్యకమ్మా. జట్టులోంచి పేరు కొట్టేస్తారు.”

నీలవేణి తెర వైపు తిరిగింది. యంత్రం రోజూ అడిగేది ఒకటే: నొప్పి ఉందా? లేదన్న ప్రతిసారీ చీలిక మానిందనుకుంది. మూడు నెలలకి మానేది మూడు రోజుల్లో మానుతుందని నేర్చుకుంది. దానికి ఆ ప్రశ్న రాసిచ్చింది తనే. తన మీద తనకే అసహ్యం వేసింది.

పచ్చ చీటీ ఇస్తే ఇతని కాలు పోతుంది. ఎర్రది ఇస్తే కూడు పోతుంది. ఆమె ప్రశ్నల పేజీ తెరిచి ‘నొప్పి’ చెరిపి ‘సలుపు’ అని కొట్టింది. మార్పుకి కారణమేమిటని యంత్రం అడిగితే, మాట తప్పు అని రాసింది.

రేవులో ఆరు వందల మంది కళాసీల మణికట్టు పట్టీల్లో కొత్త ప్రశ్న మోగింది. ఉంది, ఉంది, ఉంది అని జవాబులు వచ్చాయి. యంత్రం ఆరేళ్ల లెక్కలు తిరగదోడి, ఒక్కొక్కటిగా ఆరు వందల నీడల్నీ ఎర్రగా మార్చేసింది.

ఫోన్ మోగింది. జట్టులోంచి ఎవరిని తీసెయ్యాలో చెప్పమన్నాడు మేనేజరు.

“అందరినీ తీసెయ్యండి సార్. సరుకు ఎవరు దించుతారో మీరే చూసుకోండి.”

నీలవేణి ఫోన్ పెట్టేసి లేచి, తన కుర్చీ తవిటయ్య వైపు తోసింది.