ఉప్పు వెయ్యకముందు తీసిన గిన్నె

డిపో డాక్టరు కాగితం మీద బీపీ 168/104 అని రాసి కింద గీత గీశాడు. ఎదురుగా కూర్చున్న బస్సు డ్రైవరుకు ముప్పై రెండేళ్లు. ఎనిమిదేళ్ల సర్వీసులో ఒక్క ప్రమాదం లేదు.

"ఆరు వారాలు బండి ముట్టుకోవద్దు. మాత్ర వేసుకో, ఉప్పు తగ్గించు. అప్పటికీ 140/90 లోపుకి రాకపోతే స్టీరింగు సంగతి మర్చిపో" అన్నాడు డాక్టరు.

ఆ రోజు నుంచి అతనికి షెడ్డులో బస్సులు కడిగే పని పడింది. మధ్యాహ్నం తడిసిన ప్యాంటుతోనే వెళ్లి, క్యాంటీన్ కిటికీలోంచి డాక్టరు చీటీ లోపలికి తోశాడు.

లోపల వండేది ఒక్క మనిషే. వయసు ఇరవై తొమ్మిదే అయినా డిపోలో అందరికీ ఆమె వంటావిడే. పొద్దున్న నాలుగున్నరకు వస్తుంది, నూట ఇరవై మందికి వండుతుంది. చీటీ చదివి, అతన్ని చూసింది.

"నూట ఇరవై మందికీ ఒకటే గంగాళం. మీ ఒక్కరి కోసం ఇంకో పొయ్యి వెలిగించాలా?"

"నేనేం అనలేదండీ. డాక్టరు అన్నాడు."

"అయితే ఆయన్నే వచ్చి వండమనండి."

అన్నది గానీ, మర్నాడు గంగాళంలో ఉప్పు వెయ్యకముందే అతనికి ఒక గిన్నెలో కూర తీసి మూత పెట్టింది. అతను ఒక ముద్ద తిని ఆగిపోయాడు.

"ఇది నిన్న నేను బస్సు కడిగిన నీళ్లలా ఉంది."

"రుచి కావాలా, స్టీరింగు కావాలా? తినండి. ఆ జేబులో ఏంటి?"

చిప్స్ ప్యాకెట్. ఆమె చెయ్యి చాపింది. అతను ఇచ్చేశాడు.

"ఇంట్లో ఊరగాయ ఉందా?"

"ఉంది."

"ఎవరికైనా ఇచ్చెయ్యండి."

వాదించే ఓపిక అతనికి లేదు. రోజుకు పద్నాలుగు బస్సులు కడిగేవాడు. తన బస్సు ఇంకొకరి చేతుల్లో గేటు దాటుతుంటే చూడకుండా పక్కకు తిరిగేవాడు.

రెండో వారానికి కూరలో నిమ్మరసం వచ్చింది. మూడో వారానికి వెల్లుల్లి, మిరియాలు వచ్చాయి. నాలుగో వారం అతను గిన్నె తుడిచినట్టు తిన్నాడు. కిటికీ పక్కన మూత పెట్టిన గిన్నెలు రోజూ రెండు ఉండేవి. తనలాంటి వాడు ఇంకొకడు ఉన్నాడనుకున్నాడు.

ఐదో వారం గొడవ మొదలైంది.

"ఏంటమ్మా, డిపో మొత్తానికీ బీపీ వచ్చిందనుకున్నావా? ఈ కూరలో ఉప్పేదీ?" అన్నాడు పెద్ద కండక్టరు.

ఆమె గంగాళంలోంచి తీసి రుచి చూసింది. "సరిపోయిందిగా" అంది.

"ఆవిణ్ణి వదిలెయ్, అన్నా" అన్నాడు డ్రైవరు.

"ఉప్పూ కారం మానేసినా రోషం మాత్రం తగ్గలేదు తమ్ముడికి."

నాలుగు రోజులు అలాగే జరిగింది. ఇంకో ఫిర్యాదు వస్తే సోమవారం నుంచి వేరే మనిషిని పెడతామని మేనేజరు చెప్పేశాడు.

రద్దీ తగ్గాక డ్రైవరు లోపలికి వెళ్లాడు. ఆమె బోర్లించిన బకెట్ మీద కూర్చుని తింటోంది. ఒళ్లో ఆ రెండో గిన్నె.

"అది మీదా?"

"ఇంకెవరిది? ఉప్పు తిన్న నాలుకతో మీ కూర రుచి ఎలా తెలుస్తుంది? నిమ్మకాయ ఎంత పిండాలో తెలియాలంటే నేనూ మానెయ్యాలి. మానేశా. ఇప్పుడు గంగాళంలో గుప్పెడు వేసినా నాకు ఉప్పు కషాయంలా ఉంటోంది. ఎక్కువైందనుకుని తగ్గిస్తున్నా."

"చెప్పొచ్చుగా."

"ఎవరికి చెప్పను? చెప్పడానికి కూడా ఓపిక ఉండాలి."

"రేపటి నుంచి నేను రుచి చూసి చెప్తాను."

ఆమె అతని వైపు చూసింది. ఐదు వారాల్లో మొదటిసారి నవ్వింది.

"మీరా?"

అప్పుడు అతనికి తట్టింది. తన నాలుకదీ అదే గతి.

మర్నాడు పదకొండింటికి పెద్ద కండక్టరును చెయ్యి పట్టి తీసుకొచ్చి గంగాళం ముందు నిలబెట్టాడు. కండక్టరు గరిటెతో తీసి రుచి చూసి, కళ్లు మూసుకుని, "ఇంకో చారెడు వెయ్యమ్మా" అన్నాడు. ఆ పని ఆయనకు నచ్చింది. మళ్లీ ఫిర్యాదు రాలేదు.

ఆరు వారాలయ్యాక డాక్టరు చేతికి చుట్టిన బీపీ పట్టీ విప్పి 134/86 అని రాశాడు. కింద సంతకం పెట్టాడు.

డ్రైవరు ఆ కాగితాన్ని అదే కిటికీలోంచి లోపలికి తోశాడు. ఆమె రెండుసార్లు చదివింది.

"మంచిది. అయితే రేపటి నుంచి మీకు వేరే తియ్యక్కర్లేదు."

"ఎవరన్నారు? జీవితాంతం తగ్గించే తినాలట."

"జీవితాంతం ఈ క్యాంటీన్‌లోనే తింటారా?"

"ఇక్కడ మధ్యాహ్నం ఒక్క పూటేగా. రాత్రి భోజనం సంగతి అడుగుదామని వచ్చాను."

ఆమె కాగితం మడత పెట్టింది. మళ్లీ విప్పింది.

"సాయంత్రానికి నాకు నిలబడే ఓపిక ఉండదండీ."

"నిలబడొద్దు. నేను వండుతాను. మీరు కూర్చుని బాగుందో లేదో చెప్పండి."

"బాగోకపోతే?"

"మీరు నాకు చెప్పిందే నేనూ మీకు చెప్తాను. తినండి అంటాను."

ఆమె పొయ్యి దగ్గరకు వెళ్లిపోయింది.

మర్నాడు అతను మొదటి ట్రిప్పు పూర్తి చేసుకుని, డ్రైవరు చొక్కాలో క్యాంటీన్‌కు వచ్చాడు. కిటికీ పక్కన మూత పెట్టిన గిన్నె ఒక్కటే ఉంది. పెద్దది. మూత మీద రెండు చెంచాలు.