జల్లెడ ముందు కోదండపాణి

ఆ రోజుల్లో ఏటా ఒక పౌరుణ్ణి చీటీ తీసి ఎంచుకునేవారు. ఏడాది కాలంలో దేశం ఎక్కడ గెలిచింది, ఎక్కడ బోర్లాపడింది అన్నది ఆ మనిషి పౌరసభలో నిలబడి చెప్పాలి. అది విన్నాకే సభ్యులు పెద్ద పథకాల మీద ఓటు వేసేవారు. 2083లో చీటీ కాకినాడ కోదండపాణికి తగిలింది. రిటైరైన లెక్కల మాస్టారు. బజ్జీల బండి దగ్గర నిలబడి రోజూ దేశాన్ని దులిపేసే మనిషి. వీధి వీధంతా ఇక చూస్కోండి అంది.

ఆయనకు మాత్రం గుబులుగా ఉంది. కూతురు చారుశీల ఉప్పాడ తీరంలో కెరటాల గోడ కట్టిన ఇంజనీరు. సముద్రపు నాచుతో కలిసి తనంతట తానే పెరిగే జీవకాంక్రీటు గోడ అది. మొన్నటి తుఫానుకు తెగిపోయింది. దాన్ని మళ్లీ లేపడమా, వదిలేయడమా అన్నది ఈ సభలోనే తేలుతుంది. వదిలేస్తే కూతురి కష్టం నీళ్లపాలు, తమ వీధులు సముద్రం పాలు. అందుకే ఆయన గోడను ఆకాశానికెత్తుతూ పెద్ద ఉపన్యాసం బట్టీ పట్టాడు.

ఈ ఏడాది నుంచి సభలో జల్లెడ ఉంటుందని తెలిసినా పట్టించుకోలేదు. దాని అసలు పేరు అనుభవ వడపోత యంత్రం. కళ్లారా చూసింది మెదడులో వేసే ముద్ర వేరు, ఒకరు చెప్పగా విన్నది వేసే ముద్ర వేరు. సభ్యులతో సహా మాట్లాడేవాళ్లందరి కణతలకు అంటించిన సెన్సర్లు ఆ తేడా పసిగడతాయి. విన్న మాటయితే చుట్టూ ఉన్న స్పీకర్లు ఎదురుశబ్దం పుట్టించి దాన్ని మింగేస్తాయి.

యంత్రాన్ని కనిపెట్టిన డాక్టర్ రఫియాయే ఆయనకు సెన్సర్లు అంటించింది. ఇది అబద్ధాలు పట్టుకుంటుందా అని అడిగాడాయన.

"లేదండి. నిజమైనా సరే, మీరు చూసింది కాకపోతే ఆపేస్తుంది" అందామె.

కోదండపాణి లేచి మొదలుపెట్టాడు. పెదవులు ఆడాయి గానీ మాట లేదు. గోడ పొడుగు, బలం, విదేశీ నిపుణుల మెచ్చుకోలు, అన్నిటినీ జల్లెడ మింగేసింది. అప్పుడు తట్టింది ఆయనకు. ఊరికి ఇంత దగ్గర్లో ఉన్న ఆ గోడను తను ఒక్కసారైనా వెళ్లి చూడలేదు. అన్నం తింటూ కూతురు చెప్పింది వినడమే. పైన గ్యాలరీలో చారుశీల తల దించుకుంది.

గత్యంతరం లేక, బట్టీ పట్టనిది చెప్పాడు.

"వెనకటి తుఫానుకి నీళ్లు ఒక్కసారే వచ్చి మీద పడ్డాయండి. మా ఆవిడ చెయ్యి నా చేతిలోంచే జారిపోయింది."

ఆ గొంతు సభంతా వినబడింది. అది గోడ కట్టకముందు మాటని అందరికీ తెలుసు. మొన్న గోడ తెగిందన్న ముక్క మాత్రం వినబడలేదు.

"ఈసారి మెల్లిగా వచ్చాయండి. ముందు గడప, తర్వాత మంచం కోళ్లు. నాతో మాటల్లేని ఎదురింటి సత్తిబాబు వచ్చి నన్ను డాబా ఎక్కించేదాకా ఆగాయండి. తెల్లారి చూసుకుంటే మా వీధిలో అందరం ఉన్నాం."

అంతవరకు చెప్పి కూర్చున్నాడు.

అది తమ ఘనతేనని పాలకపక్షం లేచింది. శబ్దం లేదు. అంతా దోపిడీ అని ప్రతిపక్షం లేచింది. శబ్దం లేదు. కాసేపు చేతులు ఊపి ఎవరి సీట్లలో వాళ్లు కూలబడ్డారు. గోడ మళ్లీ కట్టాలని చేతులెత్తి తీర్మానించారు. వెంటనే తెర మీద రెండో తీర్మానం వచ్చింది. వచ్చే సమావేశం నుంచి సభలో జల్లెడ వాడకూడదు. దీనికి చెయ్యెత్తని సభ్యుడు ఒక్కడూ లేడు. రఫియా నవ్వుకుంటూ వైర్లు చుట్టుకుంది.

కోదండపాణికి గుండెల మీంచి బరువు దిగిపోయింది. రైలెక్కాక చారుశీల కళ్లు తుడుచుకుని, "రేపు గోడ దగ్గరికి వద్దురుగాని నాన్నగారూ, తెగిన చోటు చూపిస్తాను" అంది.

ఆయన అప్పటికే ఎదుటి సీటు ఆసామికి ఆ గోడ పొడుగూ లోతూ, అది తెగిన తీరూ పూసగుచ్చినట్టు చెబుతున్నాడు.

"చూడ్డం ఎందుకే, నువ్వు చెప్పావుగా" అన్నాడు.