ఏటి బోరు

మంగళవారం మిట్టమధ్యాహ్నం గోవిందరావును కాల్చేశారు. ఇనుప గనిలో నీళ్ల శాంపిళ్లు తీసే ఉద్యోగి. చేతిలో సీసా ఇంకా సగమే నిండింది.

1994, గురువారం ఉదయం. భిలాయి, స్మృతి నగర్‌లో ఓ మామూలు ఇల్లు. గూఢచార విభాగం చీఫ్ గురునాథరావు ఎదుట ఏజెంట్ ఉదయ్‌కుమార్. హతుడి తమ్ముడు.

"మీ అన్న శాంపిల్ పెట్టెలో మన రికార్డర్ దాచాం. విను."

టేపులో ఆడగొంతు. పుస్తకాల తెలుగు. "పన్నెండు ఊళ్ల బావులకు ఊట అందించే బోరు ఏది?"

గోవిందరావు గొంతు. "ఏటి బోరు?"

"ఏటి బోరట. ఇక ఇతనితో పనిలేదు."

తుపాకి పేలింది.

ఆ గొంతు ఉదయ్‌కి తెలుసు. కుముదిని! సుపేలాలోని తమ ఆఫీసు ట్రాన్స్‌లేటర్. ఢిల్లీలో పుట్టి క్లాసురూములో తెలుగు నేర్చిన అందగత్తె. నిన్న పరామర్శకు వచ్చి అతని భుజం తడిపి వెళ్లింది.

"డబుల్ ఏజెంట్," అన్నాడు చీఫ్. "ఇవాళ బోర్లో విషం పోస్తారు. బావులు చెడితే గని మూత. అప్పుడు ఫర్నేసులకి విదేశీ ఖనిజమే గతి. ఏటి పక్కనున్న బోరేనా?"

"అది ఎండిపోతే సిమెంటుతో మూసేసినారు సార్. మావోడు అన్నది 'ఏం బోరు' అని. మా సికాకుళపోళ్లకి ఏటంటే ఏమిటనే."

"అయితే ఆమె తప్పు బోరు దగ్గరికే వస్తుంది."

"నానక్కడే ఉంటాను."

"ప్రాణాలతో కావాలి. ముఠా పేర్లన్నీ ఆమెకే తెలుసు."

ఉదయ్ పిస్తోలు నడుముకి దోపుకున్నాడు.

మధ్యాహ్నం రెండు. గని పక్క ఏటి ఒడ్డున ఉదయ్ పంపు ఆపరేటర్ వేషంలో ఉన్నాడు. 'పీనే కా పానీ', అంటే తాగునీరు, అని రాసిన ట్యాంకర్ నడుపుకుంటూ కుముదిని వచ్చింది. వెనక జీపులో ఇద్దరు విదేశీయులు. ఆమె దిగి పైపు పరిచింది.

"భయ్యా, ఈ బోరు మూసి ఉందేమిటి?"

"ఏటి బోరు?" అంటూ ఉదయ్ హెల్మెట్ తీశాడు.

ఆమె ముఖం పాలిపోయింది. మరుక్షణం పైపు మూతిని ఏట్లోకి తన్ని, వాల్వు తిప్పేసి, జీపు వైపు పరుగెత్తింది.

ఉదయ్ పిస్తోలు ఆమె వీపుకి గురిపెట్టాడు. ఒక్క తూటా చాలు. పక్కన పైపు విషంతో ఉబ్బుకుంటూ ఏటివైపు పోతోంది. పళ్లు కొరికి పిస్తోలు పారేశాడు. వాల్వు మీదికి దూకి బిగించాడు. ఉబ్బు పైపు మూతికి జానెడు దూరంలో ఆగింది.

జీపు ఆమెను ఎక్కించుకుని ఎదుటి మైదానంలోకి దూసుకుపోయింది. అది మైదానం కాదు, ఖనిజం కడిగిన ఎర్రబురద చెరువు. పైన ఎండి అట్టకట్టి ఉంటుంది. గని మనుషులు మేకను కూడా అటు పోనివ్వరు.

జీపు మునిగింది. ముగ్గురూ బురదలో ఇరుక్కున్నారు.

"ఉదయ్! తాడు వెయ్యి!"

"పేర్లు సెప్పు దీదీ. పేరుకో అడుగు తాడు."

వైర్‌లెస్ గరగరలాడింది. "ప్రాణాలతో ఉందా?"

"ఉంది సార్. నడుం దాకా."

"తాడు వెయ్యవయ్యా!"

"ఏస్తన్నాను సార్. నాలుగు పేర్లకి నాలుగడుగులయింది. ఇంకా పదడుగులుంది."