ఎడమ మోకాలి దగ్గర ఆగిన గొంతు

మొదటిరోజే నన్ను తిట్టింది విభ.

"లే బాబూ, లే! నీ గురకకి గంగలో స్టీమరొచ్చిందనుకుంటున్నారు జనం."

కళ్ళు తెరిచాను. ముంగేర్‌లోని ఆశ్రమం హాలు. కంబళ్ళ మీద వెల్లకిలా పడుకున్న ముప్ఫైమంది నవ్వు ఆపుకుంటున్నారు.

"యోగనిద్ర అన్నారు. నిద్రపోయాను. తప్పా?"

"ఒళ్ళు నిద్రపోవాలి. నువ్వు మేలుకోవాలి. నా గొంతు ఎక్కడ చెబితే నీ మనసు అక్కడికి పోవాలి. అంతే."

నేను పడవవాణ్ణి. పేరు జీవఛ్ సాహనీ. ఆ శ్రావణంలో నా పడవ తిరగబడి నా స్నేహితుడు బిలట్ పోయాడు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. తెడ్డు పడితే చేతులు వణికేవి. పడవ ఒడ్డున బోర్లా పడి ఉండేది. అమ్మే నన్ను ఆశ్రమానికి తరిమింది.

విభది అవతలి ఒడ్డున ఇసుకదిబ్బల ఊరు. రోజూ నది దాటి వచ్చి మధ్యాహ్నం మమ్మల్ని పడుకోబెట్టి యోగనిద్ర చేయించేది. "కుడిచేతి బొటనవేలు... చూపుడువేలు..." అలా కుడిపక్కంతా కాలివేళ్ళ దాకా, తర్వాత ఎడమపక్క. ఆ వరస ఏనాడూ తప్పలేదు. మొదట్లోనూ చివర్లోనూ ఎవరి సంకల్పం వాళ్ళు మూడేసిసార్లు మనసులో అనుకోవాలి.

"నీ సంకల్పం ఏంటి?" అని అడిగాను ఒకరోజు.

"నెరవేరేదాకా పైకి చెప్పకూడదు. నీదో?"

"నాకు తీరికెక్కడిది? నీ గొంతు వింటుంటాను."

"గురక మధ్యలోనా?" కంబళి నా ముఖాన విసిరి వెళ్ళిపోయింది.

పుష్యమాసం వచ్చింది. మూడు రోజులుగా పొగమంచు. పట్టపగలే చేయి చాపితే వేళ్ళు కనబడటం లేదు. హాల్లో పడుకుని కళ్ళు మూసుకున్నాను. గొంతు మొదలైంది.

విభ గొంతే. చెవి పక్కనే. కానీ తడితడిగా ఉంది. కుడిపక్క అయింది. ఎడమ తొడ. ఎడమ మోకాలు. అక్కడ ఆగిపోయింది. మళ్ళీ కుడిచేతి బొటనవేలు. మూడుసార్లూ అంతే, మోకాలు దాటలేదు. మూడోసారి నా ఎడమకాలు మోకాలి కిందనుంచి చల్లబడిపోయింది.

దిగ్గున లేచాను. విభ కూర్చునేచోట ముసలి స్వామీజీ ఉన్నారు.

"విభ ఏది?"

"మంచు కదా, రాలేదు. మొదట్నుంచీ నేనే చెబుతున్నాను. మళ్ళీ నిద్రపోయావా నాయనా?"

"మోకాలి దగ్గర ఎందుకాపారు?"

"ఆపలేదే! అందరం పాదాల దాకా వచ్చేశాం."

రేవుకు పరుగెత్తాను. పడవ తిరగేసి నీళ్ళలోకి తోశాను.

"పిచ్చెక్కిందట్రా? ఈ మంచులో నీ పడవ ముక్కు నీకే కనబడదు!" రేవులో ముసలి పడవవాడు బుధన్ చాచా అరిచాడు.

"వినబడుతోంది చాచా."

గొంతు దగ్గరైతే తెడ్డు వేశాను. దూరమైతే తిప్పాను. చేతులు వణకలేదు. ఆ సంగతి తర్వాత గుర్తొచ్చింది.

అవతలి ఒడ్డున ఇసుకదిబ్బ అంచున ఉంది విభ. కుడి మోకాలు గట్టి ఇసుక మీద. ఎడమకాలు మోకాలిదాకా ఊబిలో. కళ్ళు మూసుకుని ఉంది. నీలంగా మారిన పెదవులు కదలడం లేదు. గొంతు మాత్రం నా చెవిలో నడుస్తూనే ఉంది.

"విభా!"

గొంతు ఆగింది. ఆమె కళ్ళు తెరిచింది.

తెడ్డు అడ్డం వేసి, చంకల కింద పట్టి లాగాను. పడవలో నా దుప్పటి కప్పాను.

"ఎంతసేపట్నుంచి పిలుస్తున్నావు?"

"పిలవలేదు. నోరు పెగల్లేదు. కదిలితే ఇంకా దిగిపోతున్నాను. మనసులోనే వరస చెప్పుకున్నాను. మోకాలి కింద కాలుందో లేదో తెలియలేదు. అందుకని మళ్ళీ మొదటికెళ్ళాను."

నేను తెడ్డు అందుకున్నాను.

ఆమె నా చేతిలో తెడ్డు చూసి నవ్వింది, పళ్ళు టకటకలాడుతూనే.

"ఇక చెప్పొచ్చు. నువ్వు మళ్ళీ తెడ్డు పట్టాలని. ఇన్నాళ్ళూ అదే నా సంకల్పం."

"అయితే ఇంకోటి అనుకో."

"అనేసుకున్నాను."

"ఏంటి?"

"నెరవేరేదాకా చెప్పకూడదన్నానా, లేదా?"

ఫాల్గుణంలో చెప్పింది. మా పెళ్ళిలో పాపిట్లో నేను సిందూరం పెడుతుంటే, చెవిలో.

ఇప్పుడు ఇద్దరికీ జుట్టు నెరిసింది. అవతలి ఒడ్డున పుట్టింటికెళ్ళిన ఆమె తిరిగి రావడం ఆలస్యమైతే ఎవరూ నాకు కబురు చేయనక్కర్లేదు. ముందు నా కుడిచేతి బొటనవేలు కదులుతుంది. లేచి తెడ్డు తీసుకుంటాను.