ఎత్తు రోడ్డు మీద సాక్ష్యం

బస్సు ఇంజను నడుస్తూనే ఉంది. డ్రైవరు సీట్లో ఉన్న అమ్మాయి మాత్రం స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతోంది.

డిపోలో డ్రైవింగ్ నేర్పే మాస్టారు కిటికీ అద్దం మీద టకటకా కొట్టాడు.

"ఏమండీ! నిద్రొస్తే రెస్ట్ రూములో బెంచీలున్నాయి. బస్సే కావాలా?"

ఆమె కళ్ళు తెరవలేదు. ఒక్క నిమిషం అన్నట్టు వేలు పైకెత్తింది. తర్వాత నెమ్మదిగా "ఆమేన్" అని, అద్దం దించింది.

"నిద్ర కాదండీ, ప్రార్థన."

"ఎవరి కోసం?"

"ఇప్పుడు నా పక్కన కూర్చోబోయే మనిషి కోసం. అంటే మీ కోసమే."

అతనితో ఆ డిపోలో ఎవరూ అలా మాట్లాడరు. వయసు ముప్ఫై దాటకపోయినా అందరికీ అతను మాస్టారే. అతని నోటికి జడిసి మీసాలు తిరిగిన మగాళ్ళు కూడా గేరు తప్పుతారు.

"బస్సును నడిపేది దేవుడు కాదమ్మా, గేరు," అన్నాడు ఎక్కి కూర్చుంటూ.

"తెలుసండీ. గేరు వేసే చెయ్యి వణక్కుండా చూడమంటున్నాను, అంతే."

సాయంత్రానికి డిపో అంతా ఆమెను 'ఆమేన్' అని పిలవడం మొదలుపెట్టింది. ఈ పేరు ఎవరు పెట్టారని ఆమె అడిగితే, అందరూ మాస్టారి వైపు చూశారు. అతను తిట్లకు సిద్ధపడ్డాడు.

"బాగుందండీ," అంది ఆమె. "ఈ వంకతోనైనా రోజూ మీ నోటి వెంట ఒక మంచిమాట వస్తుంది."

ఆమె అదే డిపోలో కండక్టరు. ఆమె తండ్రి అక్కడే డ్రైవరుగా పనిచేసి, జబ్బుచేసి పోయాడు. ఆయన నడిపిన ఆస్పత్రి రూటు బస్సును తాను నడపాలని ఆమె పట్టుదల. ఆ రూటులో ఆస్పత్రి గేటు దగ్గర నిటారుగా ఎత్తు రోడ్డు ఉంది. రోగులు దిగి ఎక్కేది అక్కడే. అంత ఎత్తులో బస్సు ఆపి, వెనక్కి జారకుండా కదిలించడం వచ్చినవాళ్ళకే ఆ రూటు ఇస్తారు.

చెప్పడానికి సులువే. బ్రేకు మీది కాలు తీసి యాక్సిలరేటరు మీద వేసేలోపు, ఎడమకాలు క్లచ్‌ను సగం వరకు వదిలి బండిని పట్టుకోవాలి. ఆ క్షణంలో ఎడమకాలు తడబడిందా, బస్సు వెనక్కి జారుతుంది.

మొదటి పరీక్షలో ఆమె బస్సు జారింది. రోడ్డు మీద గీసిన తెల్లగీతను వెనక చక్రం దాటిపోయింది. పరీక్ష పెట్టిన అధికారి తల అడ్డంగా ఊపాడు. ఇంకొక్క అవకాశమే ఉంది. అదీ పోతే ఎప్పటికీ టికెట్లు కొట్టుకోవడమే.

"ఏడుస్తున్నారా?" అన్నాడు మాస్టారు, ఆమె దిగాక.

"లేదండీ. కంట్లో దుమ్ము."

"రెండు కళ్ళలోనూ పడిందా?"

"పెద్ద బస్సు కదా. దుమ్ము కూడా ఎక్కువే."

అతనికి నవ్వొచ్చింది. నవ్వితే బాగుండదని రోడ్డు వైపు తిరిగాడు. అప్పటినుంచి తన డ్యూటీ అయిపోయాక కూడా ఆమెకు నేర్పడానికి ఉండిపోసాగాడు. డిపోలో వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకున్నారు.

విచిత్రంగా, ఆ రెండో విడత శిక్షణలో బస్సు ఒక్కసారి కూడా జారలేదు. ఆమె కళ్ళు మూసుకుని "ఆమేన్" అనేది, క్లచ్ వదిలేది. బస్సు గోడకు కొట్టిన మేకులా నిలబడి, ఆ తర్వాత పైకి కదిలేది. పైకి చేరాక ఆమె అతని వైపు తిరిగి నవ్వేది. ఆ నవ్వు కోసం ఎత్తు రోడ్డు ఇంకొంచెం పొడుగుంటే బాగుండుననిపించేది అతనికి.

ఒక మధ్యాహ్నం ఆమె తల్లి కూతురికి క్యారియరు తెచ్చింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

"నువ్వేనా బాబూ మాస్టారివి? పెద్దాయనేమో అనుకున్నాను. ఇంట్లో పొద్దస్తమానం మాస్టారు ఇలా అన్నారు, మాస్టారు అలా అన్నారు..."

"అమ్మా!"

"నేనేమన్నానే? ఆదివారం మా చర్చికి రా నాయనా. ఇది సాక్ష్యం చెబుతుందట."

చర్చి అనగానే అతని మొహం మారింది. చెల్లెలు పోయాక అతను ఏ చర్చి గడపా తొక్కలేదు. రానని చెప్పబోయాడు. కూతురు తలొంచుకుని క్యారియరు గిన్నెలు విప్పుతూనే చెవులు ఇటే పెట్టిందని గమనించి, "వస్తానండీ," అనేశాడు.

ఆదివారం వెళ్ళి, అందరికంటే వెనక బెంచీలో, తలుపు దగ్గరగా కూర్చున్నాడు. పాటలయ్యాక సాక్ష్యాల వంతు వచ్చింది; ఆ వారం దేవుడు తమకు చేసిన మేలును లేచి చెప్పమన్నారు పాస్టరుగారు. ఆమె లేచి నిలబడింది.

"పరీక్షలో నేను ఓడిపోయానని మీ అందరికీ తెలుసు. తర్వాత దేవుణ్ణి గట్టిగా అడిగాను. వారం రోజులుగా ఎత్తు రోడ్డు మీద బస్సు ఒక్క అంగుళం జారలేదు. నేను పట్టుకోలేదు, ఆయనే పట్టుకున్నాడు!"

"స్తోత్రం!" అంది చర్చి మొత్తం.

వెనక బెంచీలో మాస్టారు తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు.

ఎందుకంటే, నేర్పే బస్సులో మాస్టారి సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆమె "ఆమేన్" అన్న ప్రతిసారీ అతని కుడికాలు మెల్లగా ఆ బ్రేకు మీదికి పోయేది. మొదట అలవాటు కొద్దీ పోయింది. తర్వాత ఆమె నవ్వు కోసం పోయింది. ఆమెకు సాయం చేస్తున్నాననే అనుకున్నాడు.

ఆరాధన ముగిసి అందరూ మెట్ల మీదికి వచ్చారు. ఆమె మొహం వెలిగిపోతోంది.

"ఎలా ఉంది మాస్టారూ నా సాక్ష్యం?"

"మీతో ఒక మాట చెప్పాలి."

తల్లి మర్యాదగా రెండడుగులు పక్కకు జరిగింది. వినిపించనంత దూరం మాత్రం పోలేదు.

"బస్సును పట్టుకుంది ఆయన కాదండీ," అన్నాడు. "నేను."

"మీరా? ఎలా?"

"కాలితో. నా బ్రేకు నొక్కాను."

"ఎన్నిసార్లు?"

"అన్నిసార్లూ."

ఆమె అతని చెప్పుల వైపు చూసింది, ఆ కాలిని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు.

"ఇంతమంది ముందు నిలబడి దేవుడని చెప్పాను. అది మీ కాలా?" గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతనికి కొంత తేలికగా ఉండేది. "నన్ను గెలిపిద్దామనుకున్నారు. మళ్ళీ ఓడిపోవడానికి తయారుచేశారు."

మర్నాడు ఆమె వస్తుందో రాదో అనుకున్నాడు. వచ్చింది. సన్నగా వాన పడుతోంది.

"కాళ్ళు పైకి పెట్టుకోండి," అంది సీట్లో కూర్చుంటూ.

"ఏంటి?"

"సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి. రెండు కాళ్ళూ నాకు కనబడాలి."

అతను మారుమాట్లాడకుండా బాసింపట్టు వేశాడు. ఆమె కళ్ళు మూసుకోలేదు, ఏమీ అనలేదు. క్లచ్ వదిలింది. బస్సు జారింది. బ్రేకు వేసి మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ జారింది.

"ఆమేన్ అనలేదేం?" అన్నాడు మెల్లగా.

"ఎవరికి చెప్పను? మీ కాలికా?"

వైపరు అటూ ఇటూ ఊగుతోంది. అతను అద్దం మీది నీళ్ళను చూస్తూ మాట్లాడాడు.

"మా చెల్లెలు ఆస్పత్రిలో ఉన్నప్పుడు పట్టుకోమని అడిగాను," అన్నాడు. "పట్టుకోలేదు. అప్పటినుంచి అడగడం మానేశాను. మానేసి సుఖపడింది లేదు. నా మీద కోపం ఉంటే తిట్టండి. నా మూలాన మీరు మాత్రం అడగడం మానకండి."

ఆమె ఇంజను ఆపింది. "చెల్లెలి పేరేంటి?" అని అడిగింది. అతను చెప్పాడు. ఆ పేరు బయటికి పలికి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు.

డిపో షెడ్డు దగ్గర తల్లి క్యారియరుతో ఎదురుచూస్తోంది. కూతురి మొహం చూడగానే అంతా అర్థమైంది ఆవిడకు.

"దేవుడు పట్టుకోలేదని అలిగావా?"

"నాన్న అడిగితే పట్టుకునేవాడు కదమ్మా."

"మీ నాన్నా?" తల్లి నవ్వింది. "ఆ ఎత్తు మీద ఆయన ఎన్నిసార్లు జారాడో నాకు తెలుసు. బస్సు జారకుండా చూడమని ఏనాడూ అడగలేదే. జారితే పట్టుకునే ఓపిక ఇవ్వమనేవాడు. పైగా కళ్ళు తెరుచుకునే అడిగేవాడు. వెనక అంతమంది జనం ఉంటే కళ్ళు మూసుకుంటారటే ఎవరైనా?"

మాస్టారు పక్కకు తిరిగి దగ్గాడు. నవ్వును దాచుకోవడానికి అదొక్కటే దారి.

మర్నాటి నుంచి అతను చాక్‌పీసు పట్టుకుని బస్సు వెనక చక్రానికి పక్కగా నిలబడ్డాడు. బస్సు జారి ఆగినచోటల్లా చక్రం దగ్గర గీత గీసేవాడు. మొదటిరోజు గీతలు చూస్తే గుండె చెరువయ్యేలా ఉన్నాయి. ఆమె దిగి, గీత చూసి, చెంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ ఎక్కేది.

"ఇది నిన్నటికంటే బయలుదేరినచోటికి దగ్గరగానే ఉంది," అనేవాడు అతను.

"ముష్టి అంగుళం."

"అంగుళాన్ని తక్కువ చెయ్యకండి. నా ఉద్యోగమంతా అంగుళాల మీదే నడుస్తుంది."

రోజులు గడిచేకొద్దీ గీతలు బస్సు బయలుదేరినచోటి దగ్గరికి పాకుతూ వచ్చాయి. ఒకటి రెండు రోజులు వెనక్కి కూడా పోయాయి. ఆమె మానలేదు. ఇప్పుడు కళ్ళు తెరుచుకునే పెదవులు కదిపేది. ఏమంటోందో అతను అడగలేదు.

ఆ ఆదివారం ఎవరూ పిలవకుండానే అతను చర్చికి వెళ్ళాడు. ఈసారి మధ్య బెంచీలో కూర్చున్నాడు. పాస్టరుగారు సాక్ష్యాలు చెప్పమనగానే ఆమె లేచింది. లేస్తూ ముందు బెంచీని గట్టిగా పట్టుకుంది.

"పోయిన ఆదివారం నేను చెప్పిన సాక్ష్యం నిజం కాదు," అంది. "బస్సును పట్టుకుంది మా మాస్టారి కాలు."

ఎవరో కిసుక్కుమన్నారు. మాస్టారు తల దించుకోబోయి, దించుకోలేదు.

"ఈ వారం నన్ను ఎవరూ పట్టుకోలేదు. లెక్కలేనన్నిసార్లు జారాను. ఇక చాలు, ఇంటికి పోదాం అనిపించినప్పుడల్లా మళ్ళీ ఎక్కాలనే కోరిక నాలో ఎక్కడినుంచో వచ్చింది. అది నాది కాదు. నా సంగతి నాకు తెలుసు కదా, నాకు అంత ఓపిక లేదు. రేపు పరీక్ష. గెలుస్తానో లేదో తెలీదు. గెలిచాక చెబితే అది వేరే సాక్ష్యం అవుతుందని ఇవాళే చెబుతున్నాను."

స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తోచలేదు. చివరికి ముందు వరసలోని ఒక ముసలావిడ "స్తోత్రం తల్లీ," అంది. ఆ తర్వాత అందరూ అన్నారు. అందరికంటే గట్టిగా వినిపించిన గొంతు తనదేనని మాస్టారికి కాస్త ఆలస్యంగా తెలిసింది. ఇన్నేళ్ళలో ఎంతోమందికి బస్సు నేర్పాడు. ఒక మనిషిని చూసి ఛాతీ ఇంత ఉప్పొంగడం ఎప్పుడూ జరగలేదు.

పరీక్ష బస్సులో మాస్టారికి చోటు లేదు. ఎత్తు రోడ్డు కింద, కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాడు. బస్సు పైకి వెళ్ళి మధ్యలో ఆగింది. వెనక చక్రానికి కాస్త దిగువన తెల్లగీత.

'జారకుండా' అని మొదలుపెట్టి, ఆగి, 'జారితే పట్టుకునే ఓపిక' అని దిద్దుకున్నాడు. అడుగుతున్నాడని అతనికే తెలీదు.

బస్సు కదిలింది. వెనక్కి.

బెత్తెడు జారింది. గీత దగ్గరికొచ్చింది. అక్కడ, కళ్ళాలు బిగించిన గుర్రంలా వణికి నిలబడింది. ఇంజను గొంతు మారింది. తర్వాత నెమ్మదిగా, ఏ తొందరా లేకుండా, పైకి ఎక్కిపోయింది.

అతను ఎత్తు రోడ్డంతా పరుగెత్తాడు. చేరేసరికి అధికారి ఆమెను అడుగుతున్నాడు.

"మధ్యలో కొంచెం జారినట్టుంది?"

"జారిందండీ," అంది ఆమె. "పట్టుకున్నాను."

అధికారి ఆమె వంక ఒక్క క్షణం చూసి సంతకం పెట్టాడు. "ఆస్పత్రి రూటు తీసుకోండి. అక్కడ జారనివాళ్ళు ఎవరూ లేరు. పట్టుకునేవాళ్ళే కావాలి."

ఆస్పత్రి రూటులో ఆమె మొదటి ట్రిప్పుకు తల్లి కొత్త చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. ఎక్కిన ప్రతివాళ్ళతోనూ, "నడిపేది మా అమ్మాయే," అని చెబుతోంది. అడగనివాళ్ళకు రెండుసార్లు చెబుతోంది. మాస్టారు ఆవిడ పక్కన కూర్చున్నాడు. వారం రోజులుగా కూడబలుక్కున్న మాట ఒకటి గొంతులో ఉంది. ఎదురుగా, డ్రైవరు వెనక అద్దం మీద, 'బస్సు నడుచుచుండగా డ్రైవరుతో మాట్లాడరాదు' అని రాసి ఉంది.

రూలు రూలే. అతను తల్లి వైపు తిరిగి, డ్రైవరుకు వినబడేంత గట్టిగా అన్నాడు. "అమ్మగారూ, మీ అమ్మాయిని నాకిచ్చి పెళ్ళి చేస్తారా?"

బస్సులో తలలన్నీ ఇటు తిరిగాయి.

"నాకేం అభ్యంతరం నాయనా! ఏమే, వింటున్నావా, మాస్టారు ఏమంటున్నారో?"

"బోర్డు చదువు అమ్మా," అంది డ్రైవరు, చూపు రోడ్డు మీదనుంచి తిప్పకుండా. ముందు అద్దంలో ఆమె చెంపలు ఎర్రబడడం మాత్రం అతనికి కనబడింది.

ఆస్పత్రి గేటు వచ్చింది. ఎత్తు మీద బస్సు ఆగింది. ఎక్కేవాళ్ళు ఎక్కారు. దిగినవాళ్ళు కూడా పోకుండా నిలబడి చూస్తున్నారు. ఆమె వెనక్కి తిరగలేదు. కండక్టరును పిలిచింది.

"ఆ మాస్టారు టికెట్ తీసుకోలేదు. మా ఇంటి స్టాపుకు ఒకటి కొట్టు."

బస్సు బస్సంతా గొల్లున నవ్వింది. దాంతోపాటే కదిలింది, పైకి, ఒక్క అంగుళం జారకుండా.

తర్వాతి స్టాపులో ఎక్కిన పెద్దాయన్ని తల్లి కూర్చోనైనా ఇవ్వలేదు.

"నడిపేది మా అమ్మాయి," అంది. "ఈ టికెట్ పట్టుకుని కూర్చున్నది మా అల్లుడు."