ఫ్రీజర్ పెట్టెకు తాళం

నవంబరు ఇరవై, సాయంత్రం ఐదు గంటల పది నిమిషాలకు మారెన్ వెనక గదిలోకి వెళ్ళి ఫ్రీజర్ పెట్టె మూత ఎత్తింది. బయట అప్పటికే చీకటి. గాలి సముద్రం వైపు నుంచి వీస్తోంది.

డిసెంబరు మొదటి ఆదివారం చర్చిలో ఆమె భర్త ఐవర్ జ్ఞాపకార్థం ప్రార్థన పెట్టారు. ఆ తర్వాత ఇంటికొచ్చే వాళ్ళందరికీ ఐవర్ వేటాడిన మాంసమే వండి పెట్టాలని ఆమె పట్టుదల. భర్త శవం దొరకలేదు. పూడ్చడానికి ఏమీ లేనప్పుడు, కనీసం నలుగురూ కూర్చుని తినడానికైనా అతని చేతిది ఉండాలి. ఇక మిగిలింది ఈ పెట్టెలో ఉన్నదే.

అక్టోబరు మొదట్లో అన్నదమ్ములిద్దరూ గ్రీన్‌లాండ్ వెళ్ళి కస్తూరి ఎద్దనే బొచ్చు జంతువును కొట్టారు. మాంసం కోసి, కాగితంలో చుట్టి, గడ్డకట్టించి, థర్మోకోల్ పెట్టెల్లో సర్దారు. తమ్ముడు మోగెన్స్ ఆ పెట్టెలతో విమానమెక్కి తాముండే మోర్స్ దీవికి వచ్చేశాడు. ఐవర్ ఇంకో రెండు రోజులు ఆగి, ఒంటరిగా కొండల్లోకి వెళ్ళాడు. పొగమంచు దిగింది. హెలికాప్టర్లు తిరిగి తిరిగి మానేశాయి. మాంసం ఇల్లు చేరింది. మనిషి చేరలేదు.

మారెన్ అందులోంచి ఒక్క పొట్లం కూడా తీయలేదు. అయినా పై రెండు వరసలూ ఖాళీ అయ్యాయి. వారం రోజులుగా గమనిస్తోంది. రోజుకొక పొట్లం పోతోంది.

ఆమె మరిదికి ఫోన్ చేసింది. మోగెన్స్ వచ్చి, బూట్లు విప్పకుండానే పెట్టెలోకి తొంగి చూశాడు.

"నువ్వే తిని మర్చిపోతున్నావేమో వదినా. మా ఇంట్లో ఎవరికీ మతిమరుపు లేదు. నీ పుట్టింటి నుంచి తెచ్చుకున్నావేమో."

"మా పుట్టింటి వాళ్ళకి మతిమరుపే. దొంగబుద్ధి లేదు. ఈ ఇంటి రెండో తాళంచెవి నీ దగ్గరుంది కదా, మోగెన్స్?"

"అంత దూరం నుంచి మోసుకొచ్చి, నీ చేతికిచ్చి, మళ్ళీ దొంగిలించేంత ఓపిక ఉంటే నేనింకో పెళ్ళి చేసుకునేవాణ్ణి."

ఆమె నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. అప్పుడు మోగెన్స్ కిందికి చూశాడు. పెట్టె పక్కన, నేల మీద, దోసెడు మంచు ఉంది. ఫ్రీజర్ గోడలకు పట్టే గట్టి మంచు కాదు. పొడిపొడిగా రాలిన మంచు, గాలి తోసుకొచ్చి కుప్పవేసినట్టుంది. ఆ ఏడాది దీవిలో ఇంకా మంచు పడలేదు.

బూటు కొనతో దాన్ని కదిపాడు. ఇక జోకులెయ్యలేదు. కారులోంచి డ్రిల్లు తెచ్చి, మూతకు గొళ్ళెం బిగించి, తాళం వేసి, తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు.

"ప్రార్థన రోజు దాకా ఇలా ఉండనీ. పోనీ, అన్నాళ్ళూ మా ఇంటికి వచ్చెయ్ వదినా."

"ఏదైనా కబురొస్తే ఫోన్ ఇక్కడికే వస్తుంది. నేనెక్కడికీ రాను."

అతను వెళ్ళిపోయాడు. మారెన్ కిటికీలో కొవ్వొత్తి వెలిగించి, ఒక రొట్టె ముక్కకు వెన్న రాసుకుని, వంటింట్లో కూర్చుంది. ఎదుటి కుర్చీ ఖాళీ. రేడియోలో ఓడల వాళ్ళకు వాతావరణం చెబుతున్నారు. ఆ గొంతు ఆగగానే ఆపేసింది.

అప్పుడు వినిపించింది... వెనక గదిలో.

ఒక అడుగు. తర్వాత ఈడుస్తున్న చప్పుడు. మళ్ళీ ఒక అడుగు. మళ్ళీ ఈడుపు.

తలుపు సందులోంచి చలి పాకి వచ్చింది. వాసన కూడా వచ్చింది. తడిసిన ఊలు, కిరసనాయిలు, తుప్పు... ఎన్నాళ్ళుగానో స్నానం లేని ఒళ్ళు.

మూత లేచింది. గొళ్ళెం దగ్గర ఆగింది. పడింది.

మళ్ళీ లేచింది. పడింది.

మొరటుగా కాదు. పగలగొట్టాలని కాదు. బలం చాలని వాళ్ళు లాగినట్టు... ఓపిగ్గా.

తాళంచెవి ఆమె పిడికిట్లో ఉంది. లేచి తలుపు దాకా వెళ్ళింది. గడియ మీద చెయ్యి వేసింది. తియ్యలేదు.

"ఎవరు?" అని గుసగుసగా అడిగింది.

మూత ఆగింది. తలుపుకు అవతల, సరిగ్గా ఆమె ముఖం ఎత్తున, ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు.

"ఇది ఐవర్‌ది," అంది మారెన్. "మా ఐవర్‌ది. ముట్టుకోవద్దు. దయచేసి వెళ్ళిపో..."

తర్వాత ఒక అడుగు. ఈడుపు. అడుగు. దూరమవుతూ, ఆ చిన్న గదిలో పట్టనంత దూరం వెళ్ళిపోయింది.

మర్నాడు నేల మీద మంచు ఉంది. పొట్లాలన్నీ లోపలే ఉన్నాయి.

అది ప్రతి సాయంత్రం వచ్చేది. ఆమె ఇక మాట్లాడలేదు. వంటింట్లో దీపం వేసుకుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చునేది. మొదటి వారం మూత లేచి పడేది. తర్వాత లేవడం మానేసింది. గోటితో గీకినట్టు ఉండేది. ఆ తర్వాత పెట్టె మీద ఏదో బరువు వాలి, అలాగే ఉండిపోయినట్టు ఒకే ఒక్క చప్పుడు. శనివారం అదీ లేదు. మారెన్ ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

ఆదివారం ఇల్లు నిండింది. మాంసం అందరికీ సరిపోయింది. ఎంత మెత్తగా ఉడికిందో అన్నారు. మోగెన్స్ మూడుసార్లు వడ్డించుకున్నాడు. అందరూ వెళ్ళాక గిన్నెలో ఇంకా మిగిలింది.

గురువారం పొద్దున ఫోన్ మోగింది. గ్రీన్‌లాండ్ పోలీసు అధికారి. వేటగాళ్ళకి ఐవర్ శవం దొరికిందని చెప్పాడు. కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఫ్యోర్డ్ అవతలి ఒడ్డున, పాత రేకుల షెడ్డులో. కాలు విరిగి ఉంది.

"అక్టోబరులోనే పోయాడా?" అని అడిగింది మారెన్.

"లేదమ్మా," అన్నాడతను. కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "విరిగిన ఎముక రెండు నెలల పాటు అతుక్కుంది. అంటే అన్నాళ్ళూ బతికే ఉన్నాడు. చివరి రెండు వారాలే ఆకలికి మాడాడు. అంతకుముందు రోజూ మాంసం తిన్న ఒళ్ళే అని డాక్టర్ అంటున్నాడు. లేవలేని మనిషికి అక్కడ అది ఎవరు తెచ్చిపెట్టారో మాకు తెలియడం లేదు."

మారెన్ వెనక గది తలుపు వైపు తిరిగింది.

"ప్రాణం పోయింది నాలుగు రోజుల కిందటే," అన్నాడు అధికారి. "బహుశా ఆదివారం, భోజనాల వేళకి."